మీకు తెలుసా? నడక చూసి నీటి జాడ పట్టారు!

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారంలకు పొరుగునే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక కొత్త వైకల్యాన్ని వివరించారు. ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలో ఎదిగే వయసువాళ్ల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి, పాదాలు ఎడంగా పడుతున్నాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు 1937లోనే నెల్లూరు జిల్లాలో నమోదైంది కదా, ఇందులో కొత్తేముందని అడగవచ్చు. అప్పటిదాకా తెలిసిన ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడి, పెద్దవాళ్ల వెన్ను బిగుసుకుపోయేది. ఇక్కడ ఎముక గుల్లబారి, లేత కాళ్లు వంగాయి. అందుకే నీటితో పాటు తిండినీ, అందులోని సూక్ష్మ ఖనిజాలనూ పరిశోధకులు పరీక్షించాల్సి వచ్చింది.

వంగిన కాళ్లను శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు కదా అనేవారూ ఉంటారు. నిజమే, ఆ చికిత్స అవసరమైన పిల్లలకు అది అందాలి. కానీ కత్తి ఒక బిడ్డ కాళ్లను నిలబెడుతుంది, మంచినీళ్లు ఊరి పిల్లలందరినీ కాపాడతాయి. అందుకే ఇలాంటి నడక లోపాల మీద పరిశోధన ఆసుపత్రి గదిలో ఆగకూడదు, వంటింటి బిందె దాకా వెళ్లాలి. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. బోరునీళ్లు తాగేవారు ఒక్కసారైనా వాటిని పరీక్ష చేయించండి.