ముక్కు దిబ్బడకు వైకల్య పరిహారం: అప్పీలులో ఏం చూస్తారు?

పడిశానికి మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అంటారు మనవాళ్లు. ఎలర్జిక్ రైనైటిస్‌కు ఆ లెక్క పనికిరాదు. పుప్పొడో, దుమ్మో, పొగో తగిలినప్పుడల్లా తుమ్ములు, కారే ముక్కు, రాత్రి ఊపిరాడని దిబ్బడ. ఏళ్ల తరబడి ఇదే వరస. అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చినవారికి ఈ బాధ సర్వీసు వల్లే వచ్చిందని తేలితే, అక్కడి వెటరన్స్ ఎఫైర్స్ శాఖ, అంటే అందరూ వీఏ అని పిలిచేది, దాన్ని వైకల్యంగా గుర్తించి నెలనెలా పరిహారం ఇస్తుంది. గ్రీన్‌కార్డుతో ఆ సైన్యంలో చేరిన తెలుగువాళ్లకూ ఇవే నియమాలు.

ముందు డబ్బు సంగతి. రైనైటిస్‌కు వీఏ పట్టికలో ఉన్న కోడ్ 6522. ముక్కులో పాలిప్స్, అంటే కండ, పెరిగితే 30 శాతం వైకల్యం. కండ లేకపోయినా రెండు ముక్కు రంధ్రాలూ సగానికి మించి మూసుకుపోయినా, ఒకటి పూర్తిగా మూసుకుపోయినా 10 శాతం. ఈ రెండిట్లోకీ రాకపోతే సున్నా. రోజుకు ఎన్ని తుమ్ములు తుమ్మినా, ఎన్ని రాత్రులు నిద్ర పోకపోయినా ఈ కోడ్ కింద లెక్కలోకి రావు. నన్నడిగితే ఇది మనిషి బాధను కాక రంధ్రం వెడల్పును కొలిచే పట్టిక. కానీ ఉన్నది అదే. 2025 రేట్ల ప్రకారం 10 శాతానికి నెలకు 175 డాలర్ల పైచిలుకు, కుటుంబ భారం లేనివారికి 30 శాతమైతే 537 డాలర్లు. పన్ను ఉండదు.

సున్నా వచ్చిందని ఉత్తరం చించి పారేయకూడదు. సున్నా అంటే జబ్బు సర్వీసుకు సంబంధించినదేనని ఒప్పుకున్నట్టు. ఆ జబ్బుకు వీఏ ఆసుపత్రుల్లో వైద్యం దొరుకుతుంది. రేపు కండ పెరిగితే శాతం పెంచమని అడగవచ్చు. రైనైటిస్ వల్లే సైనసైటిస్ వచ్చిందనో, నిద్రలో ఊపిరాగే స్లీప్ ఆప్నియా ముదిరిందనో డాక్టరు రాసిస్తే, దాన్ని అనుబంధ వైకల్యంగా అడిగే హక్కూ ఉంటుంది.

అసలు తిరస్కరణలు ఎక్కడ వస్తాయి? వీఏ మూడు అడుగుతుంది. ఇప్పుడు జబ్బు ఉందా, సర్వీసులో ఏదైనా జరిగిందా, ఆ రెంటినీ కలిపే వైద్య అభిప్రాయం ఉందా. మూడోదాన్ని నెక్సస్ అంటారు. వంద శాతం రుజువు అక్కర్లేదు. కారణం సర్వీసే అయ్యే అవకాశం కనీసం సగానికి సగం ఉందని డాక్టరు చెబితే చాలు, సందేహం మిగిలితే అది సైనికుడి పక్షానికే పోవాలి. ఇంత ఉదారమైన కొలత ఉన్నా ఎలర్జీ కేసులు ఓడిపోవడానికి ఒక ప్రత్యేక నిబంధన తోడవుతుంది. సీజన్‌లో వచ్చి, కారణమైన పదార్థం దూరం కాగానే తగ్గిపోయే లక్షణాలను మామూలుగా తాత్కాలిక జబ్బుగానే చూడాలని అది చెబుతుంది. సర్వీసు రికార్డులో రెండు వసంతాల్లో రెండు చీటీలు, ఆ తర్వాత పదేళ్ల మౌనం ఉంటే, అధికారి దాన్ని ‘తగ్గిపోయింది’ అని చదువుతాడు. సైనికుడేమో ఆ పదేళ్లూ దుకాణంలో కొన్న మాత్రలు మింగుతూ గడిపి ఉంటాడు. ఆ ఖాళీని పూడ్చడమే అప్పీలులో అసలు పని. మందులు కొన్న రశీదులు, కుటుంబ డాక్టరు కాగితాలు, ఒకే బ్యారక్‌లో ఉన్న మిత్రుడి వాంగ్మూలం, పక్కన పడుకునే భార్య రాసిచ్చే నాలుగు వాక్యాలు, అన్నీ సాక్ష్యాలే. ముక్కు మూసుకుపోయిందని చెప్పడానికి వైద్య పట్టా అక్కర్లేదు.

అదే నిబంధనలో మనకు పనికొచ్చే మాటా ఉంది. ఎలర్జీని ఒంటి తత్వమని అలవాటుగా కొట్టిపారేయకూడదు. చేరేనాటికే ఉంటే, అప్పటి తీవ్రతనూ తర్వాతి తీవ్రతనూ పోల్చి చూడాలి. చేరేటప్పటి పరీక్షలో ఎలర్జీ మాటే రాయకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే చట్టం భావిస్తుంది. కాదనాలంటే జబ్బు ముందే ఉందనీ, సర్వీసులో ముదరలేదనీ తిరుగులేని ఆధారాలతో చూపాల్సింది వీఏ.

ఇరాక్, అఫ్గానిస్తాన్ వంటి చోట్ల పనిచేసినవారికి దారి ఇంకా సులువు. అక్కడి స్థావరాల్లో ప్లాస్టిక్ మొదలు బ్యాటరీల దాకా చెత్తంతా గుంటల్లో వేసి కాల్చారు. ఇరాక్‌లోని బలాద్ స్థావరం గుంట దీనికి పేరుమోసింది. 2022 ఆగస్టు 10న అమల్లోకి వచ్చిన పాక్ట్ చట్టం దీర్ఘకాలిక రైనైటిస్‌ను ఆ పొగకు ముడిపెట్టింది. నిర్ణీత ప్రాంతాల్లో పనిచేసినట్టు రికార్డు ఉంటే విడిగా నెక్సస్ తేనక్కర్లేదు. అయితే చట్టంలో ఉన్న మాట ‘దీర్ఘకాలిక’. డాక్టరు కాగితంలో ‘సీజనల్ ఎలర్జీ’ అని మాత్రమే ఉంటే పేచీకి తావిచ్చినట్టే. ఏడాది పొడవునా ఉంటున్న బాధైతే ఆ సంగతి కాగితం మీదకు రావాలి.

ఇక పరీక్ష రోజు. వీఏ పంపే డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, ఎంత మూసుకుందో ఫారంలో టిక్కు పెడతాడు. పుప్పొడి లేని డిసెంబరులో, పొద్దున్నే స్ప్రే కొట్టుకుని వెళితే రంధ్రాలు శుభ్రంగానే కనబడతాయి. ఫలితం సున్నా. దీనికి రెండు తీర్పులు గుర్తుంచుకోవాలి. పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బును అది విజృంభించిన సమయంలో పరీక్షించాలని 1994లో ఆర్డిసన్ కేసులో మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఆ కేసు పాదాల ఫంగస్‌ది, సూత్రం ముక్కుకూ వర్తించేదే. కోడ్‌లో మందుల ప్రస్తావన లేనప్పుడు మందు వల్ల కలిగిన ఉపశమనాన్ని చూపి శాతం తగ్గించకూడదని 2012లో జోన్స్ కేసులో అదే కోర్టు తేల్చింది. 6522లో మందుల మాట లేదు. బాధ ఎక్కువగా ఉన్న నెలలో చెవి, ముక్కు, గొంతు నిపుణుడి దగ్గర చూపించుకుని, ఏ రంధ్రం ఎంత శాతం మూసుకుందో అంకెతో రాయించుకోవడం మేలు.

తిరస్కరణ వచ్చాక మూడు దారులు. 2017లో చేసిన చట్టం 2019 ఫిబ్రవరి నుంచి వీటిని తెచ్చింది. పాత కాగితాల్లోనే వీఏ తప్పు చేసిందనుకుంటే సీనియర్ అధికారి చేత మళ్లీ చూడమనవచ్చు; అక్కడ కొత్త ఆధారం ఇవ్వనివ్వరు, ఫోనులో తప్పు ఎత్తిచూపే అవకాశం మాత్రం ఉంటుంది. కొత్త ఆధారం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్. ఈ రెండూ కాక, వీఏ అప్పీళ్ల బోర్డులో జడ్జి ముందుకు వెళ్లడం మూడో దారి. వాదన వినమని కోరితే నిరీక్షణ బాగా ఎక్కువ. నెక్సస్ లేదని కొట్టేసిన కేసును సీనియర్ అధికారి దగ్గరికి తీసుకెళ్లడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. లేని కాగితం ఆయనకూ కనబడదు. కాబట్టి ఉత్తరంలో ఏ కారణం రాశారో చదివి, ఆ కారణానికి జవాబిచ్చే దారినే ఎంచుకోవాలి. బోర్డూ కాదంటే 120 రోజుల్లో కోర్టుకెళ్లవచ్చు.

అమెరికన్ లీజియన్, డీఏవీ వంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఈ పనంతా ఉచితంగా చేసిపెడతారు. మొదటి దరఖాస్తు నింపడానికి ఎవరైనా రుసుము అడిగితే చట్టం అందుకు ఒప్పుకోదని గుర్తుపెట్టుకోండి. ఏ దారి పట్టినా, సంతకం పెట్టేముందు వీఏ డాక్టరు రాసిన పరీక్ష నివేదిక కాపీ తెప్పించుకుని చదవండి. గడువు ఏడాది. ఆలోపు అప్పీలు వేసి గెలిస్తే మొదటి దరఖాస్తు తేదీ నుంచి బకాయిలు వస్తాయి. ఆ ఏడాదిని లెక్కపెట్టేది ఉత్తరం మీద వేసిన తేదీ నుంచి, అది మీ చేతికి అందిన రోజు నుంచి కాదు.