ఇత్తడి మొండికేస్తే...

మన జెర్సీ సిటీకి తూటాలతో పాత పరిచయమే. 1916 జులై 30న, అర్ధరాత్రి దాటాక, ఇక్కడి బ్లాక్ టామ్ రేవులో ఓడలకెక్కించడానికి ఉంచిన మందుగుండు జర్మన్ గూఢచారుల కుట్రవల్ల పేలిపోయింది. స్వేచ్ఛా ప్రతిమ దివిటీలోకి సందర్శకుల్ని అనుమతించకపోవడం అప్పట్నుంచే. ఆ రేవు స్థలం ఇప్పుడు లిబర్టీ స్టేట్ పార్కులో భాగం. అయితే ఇవాళ్టి మన విషయం మందుగుండు కాదు, దాన్ని పట్టి ఉంచే ఇత్తడి తొడుగు.

పేల్చిన తొడుగుని మళ్ళీ వాడుకునేవాళ్ళు ముందు దాన్ని డైలో నొక్కి పాత కొలతకు తెస్తారు. ఈ ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. పేలినప్పుడల్లా సాగి, నొక్కినప్పుడల్లా కుంచించుకుని అది బిరుసెక్కుతుంది. పెంబర్తి రేకు పనివాళ్ళకి ఇది తెలిసిన సంగతే: సుత్తి దెబ్బలకి బిరుసెక్కిన రేకుని కాలిస్తే మళ్ళీ మాట వింటుంది. తూటా తొడుగుకి కూడా అందుకే మెడా భుజమూ కొద్ది సెకన్లు కాలుస్తారు. వేడికి లోపలి స్ఫటికాలు కొత్తగా ఏర్పడి లోహం మెత్తబడుతుంది.

మరి కాల్చాక కూడా కొలత తేడా వస్తోందంటే ఎందుకు? కారణాలు ముఖ్యంగా నాలుగు.

ఒకటి, డై అమరిక. బిరుసు ఇత్తడి నొక్కి వదిలితే కొంత వెనక్కి లేస్తుంది, మెత్తటిది అంతగా లేవదు. అందుచేత పాత అమరికతోనే నొక్కితే భుజం అవసరానికి మించి కిందికి దిగుతుంది. అలాంటి తొడుగు పేలినప్పుడు అడుగుకి దగ్గర్లో సాగి, సాగి, చివరికి రెండుగా తెగుతుంది. కాల్చిన ప్రతిసారీ ఒకటి రెండు తొడుగులు కొలిచి, డైని మళ్ళీ సరిచేసుకోవాలి.

రెండు, వేడి ఒక్కలా తగలకపోవడం. ఒక్కోటి ఒక్కోలా మెత్తబడితే కొలతలూ ఒక్కోలా వస్తాయి. తొడుగుని తిప్పుతూ, అన్నిటికీ ఒకే సమయం ఇవ్వాలి.

మూడు, మెడ లోపలి గరుకు. కాలాక అక్కడ ఏర్పడే పొర డై గుండుని పట్టి లాగి, భుజాన్ని పైకి సాగదీస్తుంది. మెడ లోపల కాస్త కందెన రాస్తే సరిపోతుంది.

నాలుగు, అతిగా కాల్చడం. మెడ నలిగిపోతుంది, గుండుని బిగించి పట్టదు. నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందనుకోవడం ఉక్కు నుంచి వచ్చిన పొరపాటు. ఇత్తడికి నీళ్ళు వేడి కిందికి పాకకుండా ఆపుతాయి, అంతే. అలాంటి తొడుగుల్ని పారేయడమే మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: తొడుగు అడుగు ఎప్పుడూ మెత్తబడకూడదు. పేలుడు ఒత్తిడిని తట్టుకునేది అదే. అది లొంగితే వేడి వాయువు వెనక్కి తన్ని, కళ్ళకీ చేతులకీ ప్రమాదం. అడుగుదాకా కాలిందన్న అనుమానం వస్తే ఆ తొడుగు ఇక వాడకూడదు.

చివరగా మన దేశపు పాఠం ఒకటి. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల తొడుగులు వాటంతటవే పగిలేవి. లోహంలో మిగిలిపోయిన బిగువూ, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కలిసి చేసిన పని అదని 1921లో తేల్చారు. కాబట్టి అమ్మోనియా ఉన్న ద్రావకాలతో ఇత్తడి తొడుగుల్ని తోమకండి.

కొలిచాకే నొక్కండి, నొక్కాక మళ్ళీ కొలవండి. సెలవు.