నిశ్శబ్దం లేని లోయ: సైలెంట్ వ్యాలీ వర్షారణ్యంపై అపోహలు – వాస్తవాలు

కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో, నీలగిరుల నైరుతి అంచున ఉన్న సైలెంట్ వ్యాలీ జాతీయ ఉద్యానాన్ని గురించిన అపోహలు దాని పేరుతోనే మొదలవుతాయి. సికాడాలు, అంటే చెట్ల కాండాలను అంటిపెట్టుకొని, పొట్ట మొదట్లో ఉండే పలుచని పొరలను కంపింపజేస్తూ అదేపనిగా రొదపెట్టే కీటకాలు, ఈ లోయలో లేవని, ఆ నిశ్శబ్దాన్ని చూసే ఆంగ్లేయులు దీనికి ఈ పేరు పెట్టారని తరచుగా చెబుతుంటారు. సికాడాలు ఇక్కడ ఉన్నాయి; ఋతువును, ఎండను, వేళను బట్టి వాటి రొద హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. స్థానిక నామమైన సైరంధ్రీవనమే ఆంగ్లేయుల నోట మారి ఇలా అయిందని కొందరు, ఇక్కడి సింహవాల కోతికి గల 'మకాకా సైలెనస్' అనే శాస్త్రీయ నామం నుంచి వచ్చిందని మరికొందరు భావిస్తారు గాని, వీటిలో ఏదీ నిర్ధారణ కాలేదు. సైరంధ్రి అంటే విరాటుని కొలువులో ద్రౌపది ధరించిన పేరని తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. లోయలో పారే నది పేరు కుంతిపుళ. భారత కథలో కుంతి వనవాసానికి వెళ్లకుండా విదురుని ఇంట ఉండిపోయినా, ఇక్కడి జనశ్రుతి ఆమెను కూడా కోడలి వెంట అడవికి తీసుకువచ్చింది.

వర్షారణ్యంలో అడుగడుగునా జంతువులు ఎదురవుతాయన్నది సందర్శకులను అన్నిటికంటె ఎక్కువగా నిరాశపరిచే అపోహ. నల్లమల వంటి ఆకురాల్చే అడవులను చూసినవారికి ఈ ఊహ కలగడం సహజమే. అక్కడ వేసవిలో ఆకులు రాలి చూపు దూరానికి సాగుతుంది, నీరు కొద్ది చోట్లనే మిగులుతుంది కనుక జంతువులు ఆ మడుగుల దగ్గరకు చేరుతాయి, నేల మీద గడ్డి ఉంటుంది కనుక దుప్పులు మందలుగా మేస్తాయి. సతతహరితమైన వర్షారణ్యంలో ఈ మూడు పరిస్థితులూ ఉండవు. నీరు ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది కాబట్టి జంతువులు ఒకచోట గుమిగూడవలసిన పని లేదు. నీడలో గడ్డి మొలవదు కాబట్టి గడ్డి మేసే జంతువులు తక్కువ. లేత ఆకు, పువ్వు, పండు దాదాపు అన్నీ చెట్ల కొసల్లో, అంటే కొమ్మలు ఒకదానితో ఒకటి కలిసి కప్పులా ఏర్పడిన పై అంతస్తులో ఉంటాయి కాబట్టి అడవి జీవితంలో పెద్ద భాగం తలపైన సాగుతుంది. ఏనుగులు, పులులు, చిరుతలు ఇక్కడ ఉన్నాయి. అయితే అరగంట ప్రయాణంలో వాటిని చూపించే ఏర్పాటు ఏదీ అడవిలో లేదు. ఇక్కడ మొదట పనిచేయవలసింది చెవి, ఆ తరువాతే కన్ను.

వర్షారణ్యమంటే కత్తితో నరుక్కుంటూ ముందుకు సాగవలసిన పొదల గుబురు అన్న ఊహకు సినిమాలే ఎక్కువగా కారణం. అటువంటి గుబురు వెలుతురు దండిగా పడే నదీతీరంలోను, బాటల అంచున, చెట్లు కూలిన చోట్ల ఉంటుంది. ముదిరిన అడవి లోపలికి వెళ్తే పైన పడిన ఎండలో నూటికి ఒకటి రెండు వంతులే నేలను చేరుతుంది కనుక, అక్కడ పొదలు పలుచగా, నడక సులువుగా ఉంటుంది. ఇంత పచ్చగా ఉన్న అడవి కింది నేల కూడా సారవంతమై ఉండాలన్న భావన దీనికంటె ప్రమాదకరమైనది, ఎందుకంటే సాగు కోసం ఇటువంటి అడవులను నరకడానికి అదే ప్రోత్సాహమిచ్చింది. ఎడతెగని వానలు నేలలోని లవణాలను కడిగివేస్తాయి; రాలిన ఆకును శిలీంధ్రాలు, చెదలు త్వరగా కుళ్లబెట్టగా, అందులోని పోషకాలను పైపైన పరచుకున్న వేళ్లు వెంటనే తిరిగి పీల్చుకుంటాయి. అడవి సంపద నేలలో కంటె చెట్లలోనే ఎక్కువగా నిలువ ఉంటుంది కనుక, చెట్లను తరలిస్తే సారం కూడా వాటితోనే వెళ్లిపోతుంది. ఇటువంటి అడవులు మనం పీల్చే ప్రాణవాయువును తయారుచేస్తాయన్న మాట కూడా సరికాదు. ముదిరిన అడవి ఉత్పత్తి చేసే ప్రాణవాయువు దాదాపు అంతా దాని శ్వాసక్రియకు, కుళ్లే పదార్థానికి ఖర్చవుతుంది. ఇది మనకు చేసే మేలు బొగ్గుపులుసు వాయువులోని కర్బనాన్ని కలపలో నిలువ ఉంచడం, వాననీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వదలడం. కుంతిపుళ తూతపుళలోను, అది భారతపుళలోను కలుస్తాయి కనుక ఆ మేలు దిగువ ఊళ్లకు అందుతుంది.

జలగల విషయంలో భయం మితిమీరింది. చెరువుల్లో ఉండే జలగలకు భిన్నంగా ఇవి తడి నేల మీద, రాలిన ఆకుల మధ్య తిరుగుతూ, అడుగుల అదురును, ఒంటి వేడిని పసిగట్టి పాకి వస్తాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వాటి లాలాజలంలో ఉండడం వల్ల, జలగను తీసిన తరువాత కూడా నెత్తురు కొంతసేపు కారుతుందే గాని గాయం పెద్దదై కాదు. నిప్పుతో కాల్చడం, ఉప్పు చల్లడం వంటి పద్ధతుల వల్ల జలగ తాగినదాన్ని గాయంలోకే కక్కే అవకాశం ఉంది. గోటిని దాని నోటి కిందికి జరిపి పట్టు విడిపించి, కడిగి కట్టు కట్టడం మేలు. బిగువుగా నేసిన పొడవాటి మేజోళ్లను ప్యాంటు మీదికి లాగి తొడుక్కుంటే అవి చర్మాన్ని చేరడం కష్టం.

నల్లగా కనిపించిన కోతినల్లా సింహవాల కోతిగా భావించడం మరొక పొరపాటు. ఇక్కడ నల్లని దేహం, గోధుమ బంగారు వన్నె తల గల నీలగిరి కొండముచ్చు కూడా ఉంది. దాని తోక పొడవుగా ఉన్నా చివర కుచ్చు ఉండదు. సింహవాల కోతికి ముఖం చుట్టూ వెండి బూడిద రంగు జూలు, పొట్టి తోక చివర కుచ్చు ఉంటాయి, పేరు వచ్చింది ఆ తోకను బట్టే గాని జూలును బట్టి కాదు. పడమటి కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా జీవించని ఈ కోతి, దురియన్‌కు బంధువైన కుల్లెనియా చెట్టు పువ్వులను, ముళ్ల కాయలను ఇష్టంగా తింటూ, ఒక చెట్టు కొస నుంచి మరొక చెట్టు కొసకు సాగిపోతుంది. తమిళనాడులోని వాల్పారైలో వలె అడవి ముక్కలైన చోట అది నేలకు దిగి రోడ్డు దాటవలసి వస్తుంది. అటువంటి చోట్ల సందర్శకులు వేసే బిస్కెట్టు దానికి దయ కాదు, బండి చక్రాల దగ్గరకు పిలుపు.

ఈ కోతుల కోసం విద్యుత్తును వదులుకున్నారన్న నింద 1970ల నుంచి వినిపిస్తున్నది. లోయలోని సైరంధ్రి అనే చోట కుంతిపుళపై తలపెట్టిన జలవిద్యుత్ ఆనకట్ట వల్ల మునిగేది 8.3 చదరపు కిలోమీటర్లే కదా అన్నది అప్పటి వాదన. మునిగేది లోయ అడుగున ఉన్న అడవి. రోడ్లు, కూలీల శిబిరాలు చేరితే రెండు వైపుల అడవికీ లంకె తెగుతుంది, చెట్ల కొసల మీదుగా బ్రతికే జీవికి ఆ లంకెయే ఆధారం. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, కవయిత్రి సుగతకుమారి వంటివారు ప్రజల ముందుంచిన విషయం ఇదే గాని కోతిపై జాలి ఒక్కటే కాదు. శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం పరిశీలన తరువాత 1983లో పథకాన్ని విరమించారు. 1984లో ఈ అడవిని జాతీయ ఉద్యానంగా ప్రకటించగా, 1985 సెప్టెంబరు 7న ప్రధాని రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించారు.

సొంత కారులో లోపలికి వెళ్లి గుడారం వేసుకోవచ్చునన్న ఆశతో కొందరు వస్తారు. ఉద్యానం వెలుపలి ముక్కాలి అనే ఊరి నుంచి అటవీశాఖ వాహనంలో, మార్గదర్శి తోడుగా సుమారు 23 కిలోమీటర్లు ప్రయాణించి సైరంధ్రి చేరి, తిరిగి రావడమే ఇక్కడి పద్ధతి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన ఉధృతంగా ఉంటుంది కనుక శీతాకాలం అనువైన సమయం. సైరంధ్రి దగ్గర 30 మీటర్ల ఎత్తైన పరిశీలన గోపురం ఎక్కితే, ఒకప్పుడు ఆనకట్ట కట్టదలచిన చోటు, దాని వెనుక నీటి కిందికి పోవలసి ఉండిన అడవి, దాని మధ్య పారే కుంతిపుళ కనిపిస్తాయి.