ఐడియాకు సర్కారు పైసలు: మన పిల్లలకు తెలియాల్సిన ఒక దారి



సారంగాపూర్ నుంచి జగిత్యాల, కరీంనగర్ మీదుగా హైదరాబాద్ వెళ్లే బస్సు జేబీఎస్ చేరేలోపు శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిని దాటుతుంది. అక్కడ ఉన్నదే జీనోమ్ వ్యాలీ. పక్క సీట్లో మీ అబ్బాయో అమ్మాయో ఉంటే ఈసారి ఫోన్ పక్కన పెట్టించి ఆ బోర్డులు చదివించండి. మందులు, టీకాలు, వైద్య పరికరాల మీద పనిచేసే కంపెనీలు అక్కడ చాలా ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ల్యాబ్ అద్దెకు ఇచ్చే ఐకేపీ నాలెడ్జ్ పార్క్ కూడా అక్కడే ఉంది.

పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "బైపీసీ తీసుకుంటే నీట్ సీటు రాకపోతే ఎట్లా మేడమ్?" మీరు అడగడంలో తప్పు లేదు. మనకు కనిపించేవి డాక్టర్, నర్సు, ఫార్మసీ. ఆ తర్వాత గల్ఫ్. కొత్త పరికరం, కొత్త పరీక్ష, కొత్త మందు కనిపెట్టి చిన్న కంపెనీ పెట్టడం అనే దారి కూడా ఉందని, దానికి ప్రభుత్వమే డబ్బు ఇస్తుందని మనలో చాలామందికి తెలియదు. ఈ నెల దాని గురించి చెప్తాను.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో చూద్దాం. మీరు కిరాణా దుకాణం పెడతానంటే బ్యాంకు అప్పు ఇస్తుంది, ఎందుకంటే దుకాణం ఎట్లా నడుస్తుందో దానికి తెలుసు. "రక్తం తీయకుండా పసిపిల్లల్లో కామెర్లు చూసే పరికరం చేస్తాను, పనిచేస్తుందో లేదో రెండేళ్లకు తెలుస్తుంది" అనండి, మేనేజర్ నవ్వి పంపిస్తాడు. అది ఆయన తప్పు కాదు, ఆయన చేతిలో ఉన్నది డిపాజిటర్ల సొమ్ము. పెద్ద పెట్టుబడిదారులు కూడా పనిచేస్తుందని తేలాకే వస్తారు. అంటే తేల్చుకోవడానికే డబ్బు కావాలి, తేలితే గానీ డబ్బు రాదు. మంచి ఐడియాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

ఈ ఇబ్బంది హైదరాబాద్‌లో ఒకాయన అనుభవించారు. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్, బయాలజీ కాదు. హెపటైటిస్-బి టీకా అప్పట్లో విదేశాల నుంచి వచ్చేది, ఒక్క డోసు ఏడెనిమిది వందల రూపాయలు. పేదింట్లో ముగ్గురు పిల్లలుంటే, ఒక్కొక్కరికి మూడు డోసులంటే ఎంతవుతుందో లెక్క వేయండి. ఆయన 1993లో తన తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఇక్కడ పెట్టుబడి దొరకడం కష్టమైతే ఒమన్ విదేశాంగ మంత్రి ముందుకొచ్చారు. సొంత ల్యాబ్ లేని రోజుల్లో పరిశోధన జరిగింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీలో. రెండూ ప్రజల డబ్బుతో నడిచేవే. కేంద్ర ప్రభుత్వ టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు రుణం కూడా అందింది. 1997 ఆగస్టులో టీకా బజారులోకి వచ్చింది. ధర యాభై రూపాయలు.

తర్వాత హెపటైటిస్-బి టీకా సర్కారు దవాఖానల్లో పిల్లలందరికీ ఉచితంగా వేసే టీకాల్లో చేరింది. మీ పిల్లల టీకా కార్డు ఇంట్లో ఉంటే తీసి చూడండి, ఆ పేరు కనిపిస్తుంది.

అలాంటివాళ్లు ఒమన్ దాకా వెతుక్కునే పని లేకుండా 2005లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఎస్‌బీఐఆర్ఐ అనే పథకం తెచ్చింది. చిన్న కంపెనీ చేసే పరిశోధన ఖర్చులో ప్రభుత్వం భాగం పంచుకుంటుంది. ఈ ఆలోచన అమెరికాది. అక్కడ 1982లో చట్టం చేసి, పరిశోధనకు బాగా ఖర్చుపెట్టే ప్రభుత్వ శాఖలు అందులో కొంత శాతం చిన్న కంపెనీలకే ఇవ్వాలన్నారు. మన ఫోన్లలో చిప్‌లు చేసే క్వాల్‌కామ్ కూడా చిన్నగా ఉన్నప్పుడు ఆ సొమ్ము తీసుకున్నదే.

2012లో మన దగ్గర బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. అది ఇచ్చే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్, అందరూ 'బిగ్' అంటారు, నాకు బాగా నచ్చిన పథకం. ఐడియా దశలో ఉన్నవాళ్లకు పద్దెనిమిది నెలల్లో రూ.50 లక్షల వరకు ఇస్తారు. అప్పు కాదు, తిరిగి కట్టేది లేదు, కంపెనీలో వాటా అడగరు. అయితే ఒక్కసారే చేతిలో పెట్టరు. ఫలానా నెలకు ఫలానా పని చేస్తానని ముందే రాసివ్వాలి, చేసి చూపిస్తే తర్వాతి విడత వస్తుంది. నిజాయితీగా ప్రయత్నించి ఐడియా పనిచేయలేదని తేలినా అది నేరం కాదు. పరిశోధన అంటేనే అది. కానీ లెక్కలు మాత్రం రూపాయి సహా చూపాలి. దరఖాస్తులను నిపుణులు వడపోస్తారు, చాలామంది మొదటిసారి వెనక్కి వస్తారు కూడా. మన వైపు దరఖాస్తుదారులకు తోడుండే సంస్థల్లో తుర్కపల్లి ఐకేపీ ఒకటి.

టెక్నికల్ ఐడియాలకైతే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం నడిపే నిధి-ప్రయాస్ ఉంది. నమూనా యంత్రం తయారీకి పది లక్షల వరకు ఇస్తారు. సిరిసిల్లలో మగ్గం మీద బతికిన కుటుంబాలకు ఈ విలువ తొందరగా అర్థమవుతుంది. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు, ఆసు పోసీ పోసీ తల్లి చేతులు నొప్పి పడటం చూడలేక 1990లలో యంత్రం చేయడానికి పూనుకున్నారు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. పెద్ద చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. యంత్రం పూర్తయ్యేసరికి ఏళ్లు పట్టింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ అండ దొరికింది యంత్రం తయారయ్యాకే. మొదట్లోనే పది లక్షలు దొరికి ఉంటే అన్నేళ్లు పట్టేవా అని నాకు అనిపిస్తుంది.

ఇవన్నీ పెద్దయ్యాక సంగతి కదా అంటారు. మన పిల్లల వయసుకూ ఒకటి ఉంది. ఇన్‌స్పైర్ అవార్డ్స్ మానక్. ఆరో తరగతి నుంచి పిల్లలు తమ ఐడియా రాస్తే స్కూల్ ఆన్‌లైన్‌లో పంపుతుంది. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి పదివేల రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు. ప్రైవేటు స్కూల్ పిల్లలకూ వర్తిస్తుంది, ఫీజు లేదు.

ఒక మనవి. బజార్లో కొన్న థర్మాకోల్ అగ్నిపర్వతం ఇక్కడ పనికిరాదు (పోయిన సైన్స్ ఫెయిర్‌లో నాలుగు చూశాను, నాలుగూ ఒకే దుకాణంవి!). మీ ఇంట్లో, పొలంలో ఉన్న కష్టం నుంచి పుట్టింది కావాలి. పసుపు ఉడకబెట్టేటప్పుడు చేతులు కాలడం, బీడీలు చుట్టే అమ్మకు మెడ నొప్పి, బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ మరిచిపోయే తాత. ఇలాంటివి చాలు. పరిష్కారం మీరు చెప్పకండి, పిల్లలనే కొట్టుకోనివ్వండి.

పిల్లల పేరిట బ్యాంకు ఖాతా లేకపోతే ఈ నెలలోనే తెరిపించండి. ఆధార్‌లో, స్కూల్ రికార్డులో, పాస్‌బుక్‌లో పేరు ఒకే తీరుగా ఉందో లేదో చూడండి. ఐడియాను ఒక పేజీలో రాయించి, చేత్తో గీసిన బొమ్మతో సైన్స్ టీచర్‌కు గానీ నాకు గానీ పంపండి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లిష్‌లో పెట్టడానికి నేను పక్కన కూర్చుంటాను.