ఇరుగుపొరుగు కలసి వేసే ప్రకృతి బాట

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం పాత సామెత. నేడు సరిహద్దు గ్రామాలలోనూ, బంగారు గనుల పట్టణపు వీధులలోనూ చెట్టు పేరు చెప్పగలిగేవారే తగ్గిపోతున్నారు. వేకువనే మారికుప్పం నుంచి బయలుదేరే రైళ్ళలో తల్లిదండ్రులు బెంగళూరుకు పనులకు వెళ్ళి, చీకటిపడ్డాక తిరిగి వస్తారు. ఇది కానుగ, ఇది తంగేడు అని పిల్లలకు చూపి చెప్పే తీరిక ఇంటిలో మిగలడం లేదు. ఇంటికి దగ్గరలోని ఉద్యానవనంలో ఇరుగుపొరుగువారే ఆదివారం పూట పార పట్టి వేసుకొనే ప్రకృతి బాట ఈ లోటును కొంతవరకు తీర్చగలదు. అయితే మంచి మనసు ఒక్కటే ఉన్నంత మాత్రాన బాట నిలవదు. ఎక్కడ వేయరాదు, వాన నీటిని ఎటు పంపాలి, ఏమి చూపాలి, తరువాత ఎవరు చూసుకోవాలి అన్న నాలుగు విషయాలను ముందే తేల్చుకొన్న వారి బాట మాత్రమే నిలుస్తుంది.

ప్రకృతి బాట అంటే ఏమిటి?

ఉద్యానవనాలలో సిమెంటు పలకలు పరచిన నడకదారి వేరు, ప్రకృతి బాట వేరు. మొదటిది నడిచేవారి ఆరోగ్యం కొరకు. రెండవది ఆగి చూసేవారి కొరకు. ఈ బాట వెంట కొన్ని మజిలీలు ఉంటాయి. ఒక్కొక్క మజిలీ వద్ద ఒక చెట్టునో, రాతినో, చీమల పుట్టనో చూపి, దాని కథను నాలుగు మాటలలో తెలిపే పలక ఉంటుంది.

ఈ ఆలోచనకు రూపమిచ్చిన వారిలో అమెరికా కీటక శాస్త్రవేత్త ఫ్రాంక్ లట్జ్ ముఖ్యుడు. ఆయన 1925లో న్యూయార్కు రాష్ట్రంలోని టక్సిడో సమీపాన ఇటువంటి బాటను ఏర్పాటు చేశాడు. అందులో రెండు భాగాలుండేవి. మొదటి దారిలో పేర్లు, వివరాలు రాసిన చీటీలు. రెండవ దారిలో ప్రశ్నలు మాత్రమే. మొదటి దారిలో నేర్చుకొన్నది రెండవ దారిలో గుర్తున్నదో లేదో నడిచేవారు తమను తామే పరీక్షించుకొనేవారు. ఈ పద్ధతి నేటికీ పిల్లలకు ఎంతో అనుకూలమైనది.

స్వచ్ఛంద శ్రమతో ఎంత పెద్ద బాటైనా నిలుస్తుందనడానికి ఆ దేశంలోనే మరో ఉదాహరణ కలదు. 1921లో ప్రతిపాదించబడి 1937 నాటికి పూర్తయిన అపలాచియన్ బాట దాదాపు 3,500 కిలోమీటర్ల పొడవైనది. దానిని కాపాడుతున్నవారిలో అత్యధికులు ఆయా ప్రాంతాల సంఘాలకు చెందిన స్వచ్ఛంద సేవకులే.

అంత దూరం పోనవసరం లేదు. కోలారు జిల్లా సరిహద్దుకు ఆవల, మదనపల్లె సమీపంలోని రిషీవ్యాలీ కూడా మంచి ఉదాహరణ. 1920వ దశకంలో జిడ్డు కృష్ణమూర్తి అక్కడ పాఠశాల కొరకు స్థలం ఎంచుకొన్నప్పుడు, పెద్ద మర్రిచెట్టు ఉన్నప్పటికీ చుట్టూ ఉన్నది కరవు నేలే. దశాబ్దాల పాటు ఉపాధ్యాయులు, విద్యార్థులు, పరిసర గ్రామస్థులు మొక్కలు నాటి, వాన నీటిని నిలిపి ఆ లోయను పచ్చగా చేశారు. 1991లో అది పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించబడినది. దక్షిణ భారతపు రాతి కొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా కానరాని పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడా, హార్స్లీ కొండలలోనూ, నంది కొండపైనా కనిపిస్తుంది. కోలారు సీమలో కొరత పక్షులకు, చెట్లకు కాదు, చూడటం నేర్పే దారికి మాత్రమే.

ఎక్కడ వేయరాదు?

కోలారు బంగారు గనుల ప్రాంతంలో మొదట తేల్చుకోవలసినది ఇదే. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. శతాబ్దానికి పైగా ముడిరాతిని పిండి చేసి, సయనైడు ద్రావణంతో బంగారాన్ని వేరు చేయగా మిగిలిన మట్టి కొండలుగా పేరుకొన్నది. స్థానికులు సయనైడు దిబ్బలని పిలిచే ఈ గుట్టలు 13 ఉన్నవి. వీటిలో దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నుల మట్టి ఉన్నది. సయనైడు ఎండకు, గాలికి కాలక్రమాన చాలావరకు విచ్ఛిన్నమవుతుంది. కాని పిండివలె మెత్తనైన రాతిధూళి మాత్రం అలాగే ఉంటుంది. అది గాలికి లేచి ఊపిరితిత్తులలో చేరితే హాని కలుగుతుంది. దిబ్బలపై జారుతూ ఆడుకోవడం పిల్లలకు సరదాగా కనిపించినా, బాట అటువైపు పోరాదు. గాలి వాటుకు ఎదురుగా, దిబ్బకు దగ్గరగా కూర్చొనే చోటు సైతం ఏర్పాటు చేయరాదు. పైగా ఈ దిబ్బలలో మిగిలిన బంగారాన్ని తీసే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో ఆమోదం తెలిపినది. అందువలన అక్కడ వేసిన బాట ఎంతకాలం ఉండేదీ చెప్పలేము.

పాత షాఫ్టుల పరిసరాలు కూడా పనికిరావు. అక్కడ నేల కుంగే ప్రమాదం ఉన్నది. ఇక కామసముద్రం, కుప్పం అడవుల అంచు గ్రామాలవారు ఏనుగులు తిరిగే దారులకు దూరంగా, ఊరి నడుమనే స్థలం చూసుకొనవలెను. నలుగురి కళ్ళెదుట ఉండే వీధి ఉద్యానవనం, పాఠశాల తోట, చెరువు కట్ట దిగువ తోపు ఇందుకు అనువైన చోట్లు.

నీటికి ముందు దారి ఇవ్వాలి

బాటను చెడగొట్టేది నడిచే కాళ్ళకన్నా పారే నీరే. ఏటవాలుకు నిట్టనిలువుగా వేసిన బండిబాట రెండు వానాకాలాలకే వాగుగా మారడం పల్లెవాసులందరూ చూసినదే. కోలారు సీమలో ఏడాది పొడవునా కురిసేది తక్కువే అయినా, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఒక్కసారిగా కుండపోతగా కురుస్తుంది. కనుక బాట వేసేవారు ఈ కొలతలను గుర్తుంచుకోవాలి.

మొదటిది, బాట ఎక్కుడు ఆ నేల వాలులో సగానికి మించరాదు. నేల వంద అడుగులకు ఇరవై అడుగులు వాలి ఉంటే, బాట వంద అడుగులకు పది అడుగులకన్నా ఎక్కువ ఎక్కరాదు. అంటే వాలుకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా సాగాలి. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో ఈ కొలత సులువుగా తీయవచ్చును. రెండవది, నాలుగు అడుగుల వెడల్పు గల బాటకు వెలుపలి అంచు రెండు మూడు అంగుళాలు పల్లంగా ఉండాలి. అప్పుడు నీరు బాట వెంట పారక, అడ్డంగా దాటి పోతుంది. మూడవది, బాట ఒకే తీరున దిగిపోక అక్కడక్కడ కాస్త దిగి మళ్ళీ ఎక్కాలి. ఆ పల్లాలలో నీరు పక్కకు తప్పుకొంటుంది.

పనిముట్లు రైతు ఇంటిలో ఉన్నవే చాలు. పార, గడ్డపార, కొడవలి, మట్టి మోసే గంప. పొదలు కొట్టేవారు బూట్లు తొడిగి, కర్రతో కదిలించిన తరువాతనే చేయి పెట్టాలి. పాము కరిస్తే నాటు వైద్యంతో కాలం గడపక, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. లాంటానా కంపను పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది కనుక, వేరుతో సహా పెకలించాలి.

ఏమి చూపాలి?

అరకిలోమీటరు చుట్టుబాటకు పది, పన్నెండు మజిలీలు చాలును. ఇంతకు మించితే పిల్లలు అలసిపోతారు. ఈ ప్రాంతంలో ఇంటింటా మూడు భాషలు వినబడతాయి గనుక పలకలపై పేర్లు మూడింటిలోనూ ఉండడం మేలు. తెలుగులో కానుగ, కన్నడంలో హొంగె, తమిళంలో పుంగం. వేప, బేవు, వేంబు. చింత, హుణసె, పుళి. నేరేడు, నేరళె, నావల్. తంగేడు కన్నడంలో ఆవరికె, తమిళంలో ఆవారం. ఒకప్పుడు తోళ్ళు పదును చేయడానికి తంగేడు పట్ట వాడేవారన్న సంగతి కూడా ఆ పలకపై రాయవచ్చును. నీలగిరి చెట్టు కథను సైతం దాచనవసరం లేదు. భూగర్భజలాలపై దాని ప్రభావంపై ఆందోళన పెరగడంతో, కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించినది.

రాళ్ళకు తప్పక ఒక మజిలీ కేటాయించాలి. ఈ బంగారు రాతి పట్టీ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్లు సాగి, సరిహద్దు దాటి కుప్పం వైపున చిగురుగుంట వరకు వ్యాపించినది. నీటి అడుగున పొంగిన లావా దిండ్ల ఆకారంలో గట్టిపడగా ఏర్పడిన కోలారు గనుల ప్రాంతపు శిలలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించినది. తిరుమలలోని శిలాతోరణం, బెంగళూరు లాల్‌బాగ్‌లోని బండ అదే కోవలోనివి. ఈ మజిలీ పలకపై ఏమి రాయాలో పుస్తకాలకన్నా బాగా చెప్పగలవారు ఊరిలోనే ఉన్నారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి పనిచేసిన పాత గని కార్మికులు వారు. ఏ రాయి గట్టిది, ఏ రాయిలో తెల్లని పొర ఉంటుంది అన్నది వారికి చేతి స్పర్శతోనే తెలుసును. వారు ఉండగానే ఆ విషయాలు రాసుకోకపోతే, తరువాత ఎవరినీ అడగలేము.

పలకలను చెట్లకు మేకులతో కొట్టరాదు. మేకు పడిన చోట చెట్టుకు తెగులు సోకుతుంది. ఈ సీమలో విరివిగా దొరికే రాతి కంబాలను పాతి, వాటికి పలకలు బిగిస్తే ఎండకూ, చెదలకూ తట్టుకొంటాయి.

అనుమతి, ఆపై బాధ్యత

ఉద్యానవనం ఎవరిదో ముందు తెలుసుకోవాలి. కొన్ని నగరసభవి, కొన్ని పంచాయతీలవి, గనుల భూములు కేంద్ర ప్రభుత్వ సంస్థవి. రాతపూర్వకమైన అనుమతి లేనిదే పార పట్టరాదు. ఉద్యానవనాలను, ఆటస్థలాలను, బహిరంగ స్థలాలను పరిరక్షించేందుకు కర్ణాటకలో 1985 నాటి చట్టం ఉన్నది. బాట వేసి నలుగురూ రోజూ తిరిగే ఉద్యానవనాన్ని ఆక్రమించడం ఎవరికైనా కష్టమే. ఖాళీగా, కంప పెరిగి పడి ఉన్న స్థలమే ముందుగా పోతుంది.

ప్రారంభోత్సవం నాడు యాభైమంది వస్తారు. రెండవ వానాకాలానికి ఐదుగురు మిగులుతారు. బాటకు అసలు పరీక్ష అప్పుడే. అందుకే ఒక్కొక్క మజిలీని ఒక్కొక్క కుటుంబానికి అప్పగించడం మంచిది. నెలకొక ఆదివారం ఒక గంట చాలు. తమ మజిలీ చుట్టూ కంప తీయడం, పూడిన పల్లంలోని మట్టి ఎత్తడం, చెరిగిన అక్షరాలు తిరిగి రాయడం ఆ గంటలో పూర్తవుతుంది. వారమంతా రైలులో గడిపే తండ్రి ఆ గంట తన బిడ్డతో కలసి ఒక చెట్టు మొదట కూర్చొంటే, ఆ చెట్టు పేరు మరొక తరం వరకు నిలుస్తుంది.