కార్న్ సిరప్‌పై కోపం, పంచదారకు లాభం

2025 జులైలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన చేశారు. కోకాకోలాలో మొక్కజొన్న సిరప్ మానేసి చెరకు పంచదార వాడటానికి కంపెనీ ఒప్పుకుందని దాని సారాంశం. వారం తిరగకముందే కంపెనీ, పాత కోక్‌ను అలాగే ఉంచి, పంచదారతో చేసిన మరో రకాన్ని కూడా తెస్తామంది. అంతకుముందు నుంచే అక్కడి దుకాణాల్లో మెక్సికో నుంచి వచ్చే గాజుసీసా కోక్‌కు గిరాకీ ఉంది, అందులో పంచదార వేస్తారని. అమెరికాలో ఉంటున్న మనవాళ్లలోనూ ‘కార్న్ సిరప్ ఉన్నవి పిల్లలకు కొనకండి’ అనే సలహా వినిపిస్తుంది. కొనకపోవడం మంచిదే. చెప్పే కారణమే సరైంది కాదు.

మొక్కజొన్న పిండిపదార్థాన్ని విడగొడితే వచ్చే మామూలు కార్న్ సిరప్‌లో ఉండేది గ్లూకోజే, ఫ్రక్టోజ్ ఉండదు. మన మిఠాయివాళ్లు పాకం పలుకు కట్టకుండా కలిపే లిక్విడ్ గ్లూకోజ్ ఈ జాతిదే. గొడవ దీని గురించి కాదు. ఆ గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని ఇంకో ఎంజైమ్‌తో ఫ్రక్టోజ్‌గా మారిస్తే తీపి పెరుగుతుంది. అదే హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్. 1957లో అమెరికాలో ఆ ఎంజైమ్‌ను కనిపెట్టారు. 1960ల్లో జపాన్ శాస్త్రవేత్త యోషియుకి తకసాకి దాన్ని పరిశ్రమకు పనికొచ్చేలా మలిచారు.

పేరులోని ‘హై’ మామూలు కార్న్ సిరప్‌తో పోల్చి పెట్టింది, పంచదారతో పోల్చి కాదు. కూల్‌డ్రింకుల్లో వాడే రకంలోని చక్కెరల్లో ఫ్రక్టోజ్ 55 శాతం, బేకరీ సరుకుల్లో వాడేదాంట్లో 42 శాతం. పంచదారలో సరిగ్గా సగం, అంటే 50. తేడా ఇంతే.

అయితే పంచదారలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, సిరప్‌లో విడివిడిగా ఉంటాయి. విమర్శకులు ఎక్కువగా పట్టుకున్నది ఈ అంశాన్నే. కానీ చేయి చేయి పట్టుకుని వచ్చిన ఇద్దరు పిల్లల్ని బడి గేటు దగ్గరే ఆయా విడదీసినట్టు, చిన్నపేగులోని ఎంజైమ్ ఈ జంటను వెంటనే విడగొడుతుంది. రక్తంలోకి వెళ్లేసరికి రెండింటి లెక్కా ఒకటే. పైగా కూల్‌డ్రింకులో పులుపు ఉంటుంది కనుక అందులోని పంచదార సీసాలో ఉండగానే కొంత విడిపోతుంది. మన బిస్కెట్ ప్యాకెట్ల మీద ఇన్వర్ట్ సిరప్ అని ఉంటుంది, చూడండి. అది ముందే విడగొట్టిన పంచదార. హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్‌కు దగ్గరి చుట్టమే.

ఫ్రక్టోజ్‌ మీద ఉన్న భయం మాత్రం ఉత్తిది కాదు. దాన్ని ఎక్కువగా అరగదీయాల్సింది కాలేయం. మోతాదు మించితే కొంత కొవ్వుగా మారుతుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, కాలేయానికి కొవ్వు పట్టే ముప్పు ఉంటుంది. అయితే ఈ నేరం పంచదారకూ అంతే వర్తిస్తుంది. ఫ్రక్టోజ్‌ను తీవ్రంగా విమర్శించే వైద్యుడు రాబర్ట్ లస్టిగ్ కూడా రెండింటినీ ఒకే గాటన కడతారు.

మరి సిరప్‌కే ఎందుకింత చెడ్డపేరు? 2004లో జార్జ్ బ్రే, బ్యారీ పాప్‌కిన్ తదితరులు ఒక వ్యాసంలో అమెరికాలో సిరప్ వాడకం, ఊబకాయం జతగా పెరిగాయని చూపించి, రెండింటికీ సంబంధం ఉండొచ్చన్నారు. అది అనుమానమే, రుజువు కాదు. కానీ జనంలో రుజువుగానే పాతుకుపోయింది. ఆ తర్వాతి లెక్కలు వేరేలా ఉన్నాయి. అమెరికాలో సిరప్ వాడకం 1999 ప్రాంతంలో శిఖరాన్ని తాకి తగ్గుతూ వచ్చింది. పెద్దల్లో ఊబకాయం మాత్రం 1999-2000లో 30.5 శాతం ఉంటే 2017-18కి 42.4 శాతానికి చేరింది. మనుషుల మీద జరిగిన ప్రయోగాలను కలిపి 2022లో చేసిన విశ్లేషణలో బరువు విషయంలో సిరప్‌కూ పంచదారకూ తేడా కనిపించలేదు. శరీరంలో వాపును సూచించే ఒక రక్తపరీక్ష మాత్రం సిరప్ వల్ల కాస్త ఎక్కువగా వచ్చింది. మన దేశం సంగతి చూస్తే, హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్ ఊసు దాదాపు లేకుండానే 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని ఐసీఎంఆర్ సర్వే తేల్చింది.

నన్నడిగితే, సిరప్ చేసిన అసలు చెరుపు ఒంట్లో కాదు, బజారులో జరిగింది. 1974లో పంచదార ధర భగ్గుమంది. 1982 నుంచి అమెరికా చక్కెర దిగుమతులకు కోటాలు పెట్టి అక్కడి ధరను ప్రపంచ ధర కంటే పైనే ఉంచింది. మొక్కజొన్న రైతుకేమో సర్కారు దన్ను ఉంది. దాంతో ట్యాంకర్లలో తెచ్చి నేరుగా కలిపేసే చవక ద్రవం గెలిచింది. 1984కల్లా అక్కడి కోక్, పెప్సీ రెండూ సిరప్‌కు మారిపోయాయి. తీపి చవకైతే సీసా పెద్దది చేయడానికి కంపెనీకి జంకేముంటుంది? ఒకప్పుడు 192 మిల్లీలీటర్ల సీసా ఉన్నచోట ఇప్పుడు 591 మిల్లీలీటర్లది మామూలైంది. అందులో 65 గ్రాముల తీపి ఉంటుంది.

ఇక వ్యాపారుల తగాదా చూడండి. సిరప్ తయారీదారులు తమ సరుకును ‘కార్న్ షుగర్’ అని పిలుచుకోనివ్వాలని 2010లో ప్రభుత్వాన్ని అడిగారు. పంచదార కంపెనీలు కోర్టుకెక్కాయి. 2012లో ప్రభుత్వం కుదరదంది, 2015లో రెండు వర్గాలూ రాజీపడ్డాయి. కానీ ఈ గోల వల్ల ‘అసలైన చెరకు పంచదార’ అని డబ్బా మీద రాస్తే అదే ఆరోగ్యమన్న నమ్మకం మిగిలింది. ఆరోగ్యకరమంటూ ఎక్కువ ధరకు అమ్మే అగావే సిరప్‌లో ఫ్రక్టోజ్, హై ఫ్రక్టోజ్ కార్న్ సిరప్‌లో కంటే ఎక్కువ. మన బెల్లంలోనూ అధికభాగం పంచదారలో ఉండే సుక్రోజే.

జోడించిన చక్కెరలు, తేనె, పండ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజుకు సుమారు 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మెక్సికో కోక్ అయినా అమెరికా కోక్ అయినా 355 మిల్లీలీటర్లలో దాదాపు 39 గ్రాములుంటుంది. కాబట్టి ఏ తీపి వేశారన్న ప్రశ్న పక్కనపెట్టి, ప్యాకెట్ వెనక ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస వెతకండి. ఇప్పుడది మన దేశపు ప్యాకెట్ల మీదా ఉంటోంది. ఆ అంకెను నాలుగుతో భాగిస్తే చెంచాల లెక్క తేలుతుంది. కొనాలో వద్దో అప్పుడు తేల్చుకోండి.