ప్రార్థన చేసేవారు మందు మానవచ్చా?



మిషన్ ఆసుపత్రిలో ఒక రోజు ఎలా మొదలవుతుందో ఇక్కడ మంచం మీద ఉండి చదువుతున్నవారికి చెప్పనక్కరలేదు. ఓ.పి. చీటీలు రాయకముందే సిబ్బంది ఒకచోట చేరతారు. ఒక పాట, ఒక వాక్యభాగం, చిన్న ప్రార్థన. ఆ తర్వాతే నర్సమ్మలు వార్డులకు, డాక్టర్లు రౌండ్లకు వెళ్తారు. ఆపరేషన్ బల్ల దగ్గర కూడా ఒక నిమిషం అందరూ కళ్ళు మూసుకుంటారు. పక్క మంచం వారు వేరే మతస్థులైనా, "మా అమ్మ కోసం కూడా ఒక మాట చెప్పండయ్యా" అని అడుగుతారు. మేము కాదనము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వార్డులకూ విశ్వాసుల ఇళ్ళకూ తిరిగే నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడి నన్ను పక్కకు పిలిచి అడుగుతారు. "అయ్యగారూ, ప్రార్థన చేయించుకుంటిమి గదా, ఇంకా మాత్రలు మింగతా ఉంటే దేవుని మీద నమ్మకం లేనట్టు కాదా?"

ఈ ప్రశ్నకు నేను చాలాకాలం తేలికగా జవాబు చెప్పేవాణ్ణి. ఒక అక్క వల్ల అది అంత తేలిక కాదని తెలిసింది. ఆమె అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. పేరు, ఊరు మాత్రం చెప్పను.

పుంగనూరు వైపు పల్లె ఆమెది. కూలి పని. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, మనిషి సగమైపోయింది. కళ్ళె పరీక్షలో క్షయ అని తేలింది. మందులు మొదలుపెట్టారు. సంఘమంతా ఆమె కోసం ప్రార్థించింది. నెలన్నరకే దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ముఖం తేటపడింది. చాలా సంతోషించాం. ఒక ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పమన్నాం. చెప్పమన్నది నేనే. "దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరచినాడు" అని ఆమె కన్నీళ్ళతో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు, స్తోత్రం అన్నారు.

ఆ మరుసటి నెల నుంచి ఆమె మాత్రలు మింగలేదు. మానమని ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆమే నాతో అన్నది: "అందరి ముందర బాగైపోయినానని చెప్పినా గదయ్యా. ఇంగ దొంగతనంగా మాత్రలు మింగతా ఉంటే అబద్ధం ఆడినట్టు అవతాదని సిగ్గేసింది."

ఐదు నెలలకు మళ్ళీ వచ్చింది. ఈసారి కళ్ళెలో రక్తం. ఆమెతోపాటు ఆరేళ్ళ కూతుర్ని కూడా పరీక్ష చేయించారు. పాపకూ క్షయ సోకింది.

ఆ రోజు వార్డు వరండాలో కూర్చుని ఆమె నన్ను అడిగిన మాట, "దేవుడు మా ప్రార్థన వినలేదా అయ్యగారూ?" ఏమి చెప్పాలో తెలియక నేను ఆమె పక్కనే కూర్చున్నాను. దేవుడు విన్నాడు. ఆమె నెలన్నరలో కోలుకోవడమే అందుకు గుర్తు. విన్న ప్రార్థనను మధ్యలో ఆపింది మేము కొట్టిన చప్పట్లు. కానీ ఆ మాట ఆ క్షణాన ఆమెతో అనలేకపోయాను.

క్షయ మందుల సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. మామూలు క్షయకు ఇచ్చే వైద్యం ఆరు నెలలు. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, ఆ తర్వాత 4 నెలలు మూడు రకాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కొన్ని వారాల్లోనే చాలావరకు క్రిములు చస్తాయి కాబట్టి దగ్గు, జ్వరం తగ్గిపోతాయి. మిగిలిన కొద్ది క్రిములు మాత్రం ఊపిరితిత్తుల్లో దాక్కుని ఉంటాయి. వాటి కోసమే మిగతా నెలలు. మధ్యలో మానితే అవి మళ్ళీ పెరుగుతాయి. ఒక్కోసారి మందుకు లొంగని రకంగా మారతాయి. అప్పుడు వేరే బలమైన మందులు వాడాలి. వాటి బాధలూ ఎక్కువే. ఈ అక్క విషయంలో క్రిములు అలా మారలేదని పరీక్షలో తేలింది. అది దేవుని కృప అనే నేను నమ్ముతాను.

అంజూరపు పండ్ల ముద్ద

బైబిలు చదివేవారికి హిజ్కియా రాజు కథ తెలుసు. మరణకరమైన రోగం వచ్చింది. గోడవైపు ముఖం తిప్పుకుని ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విని అతని ఆయుష్షును పదిహేనేళ్ళు పొడిగించాడు. ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ వెంటనే ఉన్న మాట మీద ఎందుకో అంతగా వినం. ప్రార్థన విన్నానని కబురు తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. అది ఆ కాలపు వైద్యం. జవాబు వచ్చేసింది కదా, ముద్ద ఎందుకు అని రాజు అడగలేదు.

పౌలు సంగతీ అంతే. ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయబడలేదు. అంతమాత్రాన పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా? రోగం తగ్గనివారిని చూసి "నీలో ఏదో పాపముంది, ప్రార్థన చాలలేదు" అనేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వార్డులో పడుకున్న మనిషికి ఆ మాట సూది పోటు కన్నా ఎక్కువ నొప్పి. దయచేసి అనకండి.

మన ప్రాంతం చరిత్ర కూడా ఇదే చెబుతుంది. జేకబ్ చాంబర్లేన్ దొరగారు ఆర్కాటు మిషన్ తరఫున మదనపల్లెలో పనిచేశారు. ఆయన బోధకుడూ, వైద్యుడూ. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. 1915లో వేర్వేరు మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంటు. ఆ చోటు పేరే ఆరోగ్యవరం.

అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం. మన తాతల కాలంలో క్షయ అంటే ఇంట్లో ఏడుపే. ప్రార్థన తప్ప దిక్కులేదు అనడానికి అంతకంటే తగిన రోగం మరొకటి లేదు. అయినా ఆ డాక్టర్లు ప్రార్థించి ఊరుకోలేదు. 1950 నుంచి 1955 వరకు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జనాన్ని ఎక్స్‌రేలు తీసి పరీక్షించారు, బీసీజీ టీకా ఏమేరకు పనిచేస్తుందో గమనించారు. ఆ లెక్కలను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో ప్రచురించింది. పల్లె పల్లెకు ఎక్స్‌రే యంత్రాన్ని మోసుకుపోవడం కూడా ఒక విధమైన ప్రార్థనే అని నాకు అనిపిస్తుంది.

ఉపవాసం ఉండేవారికి

శుక్రవారపు ఉపవాస కూడికలు, శ్రమల దినాల 40 రోజులు, సంవత్సరాంతపు రాత్రి ప్రార్థన - ఇవన్నీ మన సంఘాలకు ప్రాణం. వీటిని మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే షుగరు ఉన్నవారు కూడిక మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి పడిపోవడం నేను కళ్ళారా చూశాను. చుట్టూ ఉన్నవారు ఆత్మ దిగిందని అనుకున్నారు. నిజానికి దిగింది షుగరు.

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఏమీ తినకుండా ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. 70 కన్నా తగ్గితే వెంటనే ఉపవాసం విరమించాలి. మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. ఉపవాసం అనుకున్నప్పుడు ముందే డాక్టరుగారితో చెప్పండి, ఆ రోజు మాత్ర ఎంత, ఎప్పుడు అనేది ఆయన చెబుతారు. మీ అంతట మీరు మాత్రను మానవద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బున్నవారు పూట భోజనం మానడానికి బదులు టీవీ మానితే దేవుడు తప్పుపట్టడు.

రాత్రంతా మేలుకునే ప్రార్థనల గురించి ఇంకొక మాట. మూర్ఛ జబ్బున్నవారికి నిద్ర లేకపోతే ఫిట్స్ రావచ్చు. డిసెంబరు 31 రాత్రి వారిని త్వరగా ఇంటికి పంపి నిద్రపోనివ్వండి. మాత్ర వేళకు తప్పకుండా వేయించండి.

పాము కరిచినప్పుడు ప్రార్థన ఆటోలోనే చేసుకోండి. ఆటో మాత్రం ఆగకూడదు.

అమెరికాలో ఒక పరీక్ష

ప్రార్థన పనిచేస్తుందని సైన్సు నిరూపించింది అంటూ కరపత్రాలు వస్తుంటాయి. 2006లో అమెరికాలో ఆరు ఆసుపత్రులు కలిసి చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితం వెలువడింది. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మందిని మూడు గుంపులుగా చేశారు. రెండు గుంపుల వారికి తమ కోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియదు. అందులో ఒక గుంపు కోసం మాత్రమే ప్రార్థించారు. రెండింటిలోనూ ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చినవారు దాదాపు సమానం, 52, 51 శాతం. మూడో గుంపుకు మీ కోసం తప్పక ప్రార్థిస్తున్నాం అని చెప్పారు. వారిలో 59 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి.

ఇది చదివి కొందరు విశ్వాసులు నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోలేదు. దేవుడు తరాజులో కూర్చునేవాడు కాడు. ముఖం తెలియని మనిషి కోసం చీటీలో పేరు చూసి రోజుకింత అని చేసే ప్రార్థనకూ, తల్లి బిడ్డ కోసం చేసే ప్రార్థనకూ తేడా ఉండదా అనేది నా సందేహం. అయితే ఆ మూడో గుంపు గురించి మాత్రం ఆలోచించాను. "నా కోసం ఇంతమంది ప్రార్థిస్తున్నారంటే నా స్థితి అంత ఘోరంగా ఉందా" అనే దిగులు పట్టి ఉండవచ్చని కొందరు అన్నారు. రోగి మంచం చుట్టూ పదిమంది నిలబడి పెద్ద గొంతుతో చేసే ప్రార్థనలో ఆ ప్రమాదం ఉంది. ఇద్దరు చాలు. చెయ్యి పట్టుకుని మెల్లగా చేస్తే చాలు. పక్క మంచం వారికీ నిద్ర కావాలి.

హన్నా దేవాలయంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థించింది. యాజకుడు ఆమెను తాగుబోతు అనుకున్నాడు. మనోవేదనలో ఉన్నవారిని చూసి మనమూ అలాంటి పొరపాటే చేస్తుంటాం. నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాక, చచ్చిపోతే బాగుండునని అనుకునేవారికి ప్రార్థనతో పాటు వైద్యమూ అవసరం. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వపు టెలి మానస్ సేవలో ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇంట్లో

రోజువారీ ప్రార్థన అంటే పొడవైన మాటలు కానవసరం లేదు. కుప్పంలో ఒక ఇంట్లో అవ్వ తమిళంలో, కోడలు కన్నడలో, మనవడు తెలుగులో ప్రార్థించడం విన్నాను. మూడు రాష్ట్రాల సరిహద్దు గదా. అవ్వ ప్రార్థన అందరికన్నా చిన్నది. ఇంట్లోవాళ్ళ పేర్లు ఒక్కొక్కటి చెప్పి, ఆవు పేరు కూడా చెప్పి, ఆమేన్ అంది. మోకాళ్ళ నొప్పులని కుర్చీలో కూర్చునే చేసింది. మోకరించలేకపోతున్నానని బాధపడే పెద్దవాళ్ళు ఆ అవ్వను చూడాలి.

ఆ పుంగనూరు అక్క దగ్గరికే మళ్ళీ వస్తాను. ఆమె, పాప ఇద్దరూ మందులు మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఒక ఏర్పాటు చేసుకున్నారు. గూట్లో బైబిలు పక్కనే మాత్రల డబ్బా. పొద్దున కుటుంబ ప్రార్థన కాగానే అమ్మకు పాప మాత్రలు ఇస్తుంది, పాపకు అమ్మ ఇస్తుంది. గోడ క్యాలెండరులో ఆ తేదీ మీద గీత కొట్టేది పాపే. ఒక రోజు ప్రార్థన చేయకుండానే పాప డబ్బా తెచ్చిందట. "ముందు అది, తర్వాత ఇది" అని తల్లి చెప్పిందట. మరొక రోజు తల్లి ప్రార్థన చేసి మాత్ర మరిచి పనికి బయలుదేరితే, పాప వీధి చివరిదాకా పరుగెత్తి ఇచ్చి వచ్చిందట.

మా సంఘంలో కూడా ఒక మార్పు చేశాం. స్వస్థత సాక్ష్యం చెప్పదలచినవారిని ముందు మందుల కార్డు చూపించమంటున్నాం. చివరి మాత్ర మింగి, డాక్టరుగారు సరేనన్న తర్వాతే సాక్ష్యం. మొదట్లో కొందరు గొణిగారు, దేవునికి కూడా సర్టిఫికెట్టు కావాలా అన్నారు. ఆ అక్కే లేచి వారికి జవాబు చెప్పింది.

ఆరు నెలలు నిండిన ఆదివారం తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ముందుకు వచ్చారు. పాప క్యాలెండరు కాగితాలు ఆరూ చుట్టి పట్టుకుని వచ్చింది. తల్లి నాలుగు మాటలే చెప్పి కూర్చుంది. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఇంగొకటి ప్రార్థన చేయాలా" అంది. ఏమమ్మా అన్నాను. ఈసారి కౌలుకు అర ఎకరం తీసుకుని టమోటా పెట్టారట. మదనపల్లె మార్కెట్లో ధర నిలబడాలని.